ఒకే చాప మీద

దక్షిణాఫ్రికా తన పాత మనిషితనాన్ని రాజ్యాంగంలో రాసుకుంది. కృష్ణా తీరంలోనూ అలాంటి ఆస్తి ఉంది. వాడుకోవడమే మరిచిపోయాం.

1948 మార్చి 13. వార్ధా దగ్గర సేవాగ్రామ్ ఆశ్రమం. గాంధీజీ పోయి ఆరు వారాలైంది. ఆయన కుటీరం బోసిగా ఉంది. నెహ్రూ, వినోబా, రాజేంద్రప్రసాద్ వంటివారంతా ఆ వారం అక్కడే ఉన్నారు. బాపు లేని దేశానికి ఇక దారి చూపేదెవరని రోజుల తరబడి మాట్లాడుకుంటున్నారు. అంత దుఃఖం మధ్య, ఆ ఆశ్రమంలోనే, కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన ఒక జంటకు పెళ్లి జరిగింది.

పెళ్లికూతురు మనోరమ. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, జంధ్యం తీసేసి, నాస్తికుడైన గోపరాజు రామచంద్రరావు పెద్ద కూతురు. ఆ తండ్రిని లోకం గోరా అంటుంది. పెళ్లికొడుకు అర్జునరావు దళిత యువకుడు. సంబంధం కుదిర్చింది ఎవరో కాదు, పిల్ల తండ్రే. రెండేళ్ల ముందు ఈ మాట చెప్పినప్పుడు గాంధీజీ సంతోషించి, పెళ్లి తానే చేయిస్తానన్నారు. కొంతకాలం ఆగమన్నారు, అబ్బాయిని ఆశ్రమంలో ఉంచమన్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పించడానికి కూడా ఒప్పుకున్నారు. మాట ఇచ్చిన మనిషి తుపాకీ గుండుకు బలయ్యారు. మాట మాత్రం నిలబడింది.

ఇప్పుడు డెబ్బై ఏళ్లు ముందుకు రండి. 2018 సెప్టెంబరు, మిర్యాలగూడ. ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ని, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. ఆ హత్య చేయించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. విచారణ పూర్తికాకముందే ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. తీర్పు వచ్చిన రోజు టీవీల ముందు, టీ కొట్ల ముందు, ఫోన్లలో ఎంత వాదన నడిచిందో మనందరికీ తెలుసు. తండ్రి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు తక్కువేమీ లేరు. ఇద్దరూ తెలుగు తండ్రులే, ఇద్దరికీ కూతురంటే ప్రాణమే. ఒక తండ్రి ఆ ప్రేమతో ఇంటి తలుపు తెరిచాడు. ఇంకొక ఇంట్లో అదే ప్రేమ కత్తి దాకా ఎలా వెళ్లింది?

గొడవయ్యాక పిలిచే కమిటీ

బైకు నంబరు ప్లేటు మీద కులం పేరు, జాతర ఫ్లెక్సీలో కులం గుర్తు, రీల్స్‌లో కులం పాట. డెల్టాలో ఏ సెంటర్లో నిలబడినా కనిపించే దృశ్యమిది. చిన్న మాటకు రాయి లేస్తుంది. అప్పుడు స్టేషన్ నుంచి కబురొస్తుంది: శాంతి కమిటీ మీటింగ్, పెద్దలు రావాలి. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు. రెండు వైపుల నుంచీ నలుగురేసి మగవాళ్లు. సీఐ గారు హెచ్చరిస్తారు, పెద్దలు తలూపుతారు, కాగితం మీద సంతకాలవుతాయి. దెబ్బలు తిన్న కుర్రాడి తల్లిని ఎవరూ పిలవరు. కొట్టిన కుర్రాడి తల్లినీ పిలవరు.

దీన్ని తీసిపారేయడం లేదు. ఆ రాత్రికి ఊరు ప్రశాంతంగా పడుకుంటుంది. కానీ మర్నాటి నుంచి ఆ రెండు వీధుల మధ్య రాకపోకలు మునుపటికంటే తగ్గుతాయి. పోలీసు చేయగలిగింది రాయిని ఆపడం. చెయ్యి రాయి వైపు పోకుండా చూసేది వేరే శక్తి. ఆ శక్తిని ఒక దేశం తన పల్లెల్లో వెతుక్కుంది.

గుగులెతు వీధిలో

అమీ బీల్ అనే అమెరికా అమ్మాయి వయసు 26. దక్షిణాఫ్రికా తొలి ప్రజాస్వామ్య ఎన్నికల కోసం పనిచేయడానికి వచ్చింది. 1993 ఆగస్టు 25న స్నేహితురాళ్లను ఇంటి దగ్గర దింపడానికి కేప్‌టౌన్ శివారు నల్లజాతి వాడ గుగులెతుకు కారులో వెళ్లింది. తెల్లతోలు చూసి రెచ్చిపోయిన గుంపు ఆమెను రాళ్లతో కొట్టి, కత్తితో పొడిచి చంపింది. ఎవరి హక్కుల కోసం వచ్చిందో ఆ జనం చేతుల్లోనే చనిపోయింది. నలుగురు యువకులకు జైలుశిక్ష పడింది.

తర్వాత సత్య, సయోధ్య కమిషన్ వచ్చింది. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షుడు. చేసిన నేరం రాజకీయ కారణంతో చేసిందై, మొత్తం నిజం బహిరంగంగా ఒప్పుకుంటే క్షమాభిక్ష దొరకవచ్చన్నది షరతు. ఆ నలుగురూ దరఖాస్తు పెట్టుకున్నారు. అమీ తల్లిదండ్రులు అమెరికా నుంచి వచ్చి విచారణలో కూర్చున్నారు. క్షమాభిక్షకు అడ్డు చెప్పలేదు. హంతకుల కుటుంబాలతో చేతులు కలిపారు. 1998లో నలుగురూ విడుదలయ్యారు. అంతటితో ఆగలేదు. కూతురి పేరుతో పెట్టిన సంస్థలో వాళ్లలో ఇద్దరు ఉద్యోగులుగా చేరారు. ఆ వాడ పిల్లల కోసమే పనిచేశారు.

కడుపుకోత తెలిసిన తల్లికి ఇది ఎలా సాధ్యమైంది? టూటూ ఆ కమిషన్‌ను నడిపింది ఉబుంటు అనే పాత ఆఫ్రికా భావన మీద. ఒంటరిగా ఎవరూ మనిషి కాలేరు, తోటివారి వల్లే మనిషి మనిషవుతాడు అన్నది దాని సారం. నిన్ను హీనపరిస్తే నేను కూడా తగ్గిపోతాను. నేరం చేసినవాడు తన మనిషితనాన్నే పోగొట్టుకున్నాడు. అది అతనికి తిరిగి వచ్చేలా చేయడం ఊరందరి పని.

> ఉబుంటు అడుగుజాడలు
>
> 1993 నాటి దక్షిణాఫ్రికా తాత్కాలిక రాజ్యాంగం చివరి భాగంలో ఉబుంటు ప్రస్తావన చేరింది. పగ వద్దు, ఒకరినొకరు అర్థం చేసుకోవాలి అన్న సందర్భంలో ఆ మాట వస్తుంది.
>
> 1995 జూన్ 6న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షను రద్దు చేసింది. న్యాయమూర్తులు తమ తీర్పుల్లో ఉబుంటును కూడా ఆధారంగా చూపారు.
>
> సత్య, సయోధ్య కమిషన్ ముందు సుమారు 21 వేల మంది బాధితులు గోడు చెప్పుకున్నారు. క్షమాభిక్ష కోరినవారు 7,112 మంది. దొరికింది 849 మందికే.
>
> బాధితులకు 2003లో ప్రభుత్వం ప్రకటించిన పరిహారం ఒక్కసారికి 30 వేల రాండ్లు. కమిషన్ సిఫార్సు చేసినదానికంటే ఇది చాలా తక్కువ.

ఆ చివరి అంకె ముఖ్యం. క్షమించమని బాధితుల్ని అడిగిన దేశం, వాళ్ల భూముల సంగతి, కూలి సంగతి సరిచేయలేకపోయింది. టూటూ నడిపిన కమిషన్ గురించి అక్కడి యువతరం ఇప్పటికీ ఈ ప్రశ్నే అడుగుతుంది. ఆ కోపం న్యాయమైనదే.

పల్నాటి కూడు

ఇదంతా ఆఫ్రికా సంగతి, మనకేం సంబంధం అనుకోనక్కర్లేదు. కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లి చూడండి. నాగులేరు ఒడ్డున పల్నాటి వీరుల ఆరాధనోత్సవం అయిదు రోజులు జరుగుతుంది. వీరాచారవంతులు తమ పూర్వీకుల ఆయుధాలు పట్టుకుని వస్తారు. మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో మాచర్లను నిలబెట్టిన బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని, మాలకులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనకు నాయకుణ్ని చేశాడని పల్నాడు చెప్పుకుంటుంది.

సవతి అన్నదమ్ములు ఒకరినొకరు నరుక్కున్న యుద్ధాన్ని తలచుకునే తిరునాళ్లలో, అందరూ కలిసి తినే రోజొకటి పెట్టుకున్నారు మన పెద్దలు. చచ్చినవాళ్ల పేర్లు తలచుకోవడం, బతికున్నవాళ్లు కలిసి తినడం, రెండూ ఒకే పండగలో. శాంతి గురించి పల్లె జనానికి తెలిసినంత ఏ సదస్సుకూ తెలియదని నాకు గట్టి నమ్మకం. అదే పల్నాడులో ప్రతి ఎన్నికకూ ఊళ్లు ఖాళీ అవుతున్నాయంటే, ఆ చాపను ఏడాదికొక్క రోజుకే పరిమితం చేసుకున్నందువల్ల.

ముదునూరు పాకల నుంచి పటమట దాకా

ఆ చాపను రోజువారీ జీవితంలోకి తెచ్చినవాడు గోరా. వృక్షశాస్త్రం అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీ ఉద్యోగమూ వదులుకున్నాడు. 1940లో భార్య సరస్వతి, పిల్లలతో ఉయ్యూరు దగ్గర ముదునూరు చేరి నాస్తిక కేంద్రం మొదలుపెట్టాడు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ఇవాళ బెంజి సర్కిల్ రద్దీలో వెళ్లే వేలమందికి పక్కనే ఉన్న ఆ ఆవరణ సంగతి తెలియదు.

గోరా చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా తోచేది సహపంక్తి భోజనం. పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లూ ఒక వరసలో కూర్చుని తినేవాళ్లు. ఆ రోజుల్లో ఇది మాటలు కాదు. డెల్టా పల్లెలో మాలపల్లి, మాదిగపల్లి ఊరికి ఎడంగా ఉంటాయి, చెరువు వేరు, బావి వేరు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లొచ్చాయి, మాగాణి వచ్చింది, డబ్బొచ్చింది. పొలమున్నవాడు ఇంకా ఎదిగాడు. ఆ పొలంలో నడుం వంచి నాటేసినవాడు అదే పల్లెలో మిగిలాడు. పంట ఇద్దరి చెమటతో పండేది, కంచాలు మాత్రం కలిసేవి కావు. అలాంటిచోట ఒక బ్రాహ్మణ ఇల్లాలు దళితుల పక్కన కూర్చుని తినడమంటే పుట్టిల్లు, మెట్టినిల్లు, చుట్టాలు, అందరినీ వదులుకోవడానికి సిద్ధపడటమే. సరస్వతి గోరా సిద్ధపడ్డారు. గోరా పేరు చెప్పుకునేటప్పుడు ఆమెను సగమే తలుస్తాం, అది తప్పు.

> ఇంట్లో పిల్లల పేర్లు
>
> గోరా, సరస్వతి దంపతులకు తొమ్మిది మంది సంతానం. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. ఇంకొక కొడుకు సమరం, తర్వాత డాక్టరయ్యారు. తొమ్మిదో బిడ్డ నౌ. కూతుళ్లలో చెన్నుపాటి విద్య విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలికి ఆమె దన్నుగా నిలిచారు. ఆ పేర్లలో దేనిలోనూ కులం, మతం కనిపించవు.

ఆ కుటుంబం పెళ్లిళ్ల వరస మనోరమతో ఆగలేదు. 1960లో లవణం హేమలతను పెళ్లాడారు. ఆమె మహాకవి గుర్రం జాషువా కూతురు. వినుకొండలో అంటరానితనం చూసిన ఆ కవి తనను తాను విశ్వనరుడినని చెప్పుకున్నాడు. కుల మతాలు గీసిన గీతల మధ్య తాను ఇమడనన్నాడు. మొదటి వాక్యం తండ్రి రాస్తే, దాన్ని ఆచరణలో పెట్టినది కూతురే అంటాను.

దొంగల ఊరికి వెళ్లిన హేమలత

బాపట్ల దగ్గర స్టువర్టుపురం. బ్రిటిషు ప్రభుత్వం 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. ఎరుకల కుటుంబాలకు పుట్టుకతోనే దొంగ ముద్ర పడింది. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఈ సెటిల్‌మెంట్ కట్టారు. మద్రాసు ప్రభుత్వంలో అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఊరు దాటాలంటే చీటీ, రాత్రుళ్లు హాజరు. 1952 నాటికి చట్టం పోయింది. ముద్ర పోలేదు. ఎక్కడ కన్నం పడ్డా పోలీసు జీపు అక్కడికే వచ్చేది.

1970ల మధ్యలో హేమలత, లవణం ఆ ఊళ్లో అడుగుపెట్టారు. 1960లో చంబల్ లోయలో వినోబా ముందు బందిపోట్లు ఆయుధాలు పెట్టేసిన సంగతి దేశమంతా విన్నది. ఇక్కడ ముందుండి నడిచింది ఒక స్త్రీ. ఆమె ఇళ్లలోకి వెళ్లింది, ఆడవాళ్లతో కూర్చుంది, వాళ్లు పెట్టింది తిన్నది. దొంగతనం మానేస్తామన్నవాళ్ల తరఫున పోలీసులతో, ప్రభుత్వంతో మాట్లాడారు. పిల్లల చదువుల సంగతి చూశారు. ఆ పని కోసం సంస్కార్ అనే సంస్థ నిలబడింది. తర్వాత ఆమె నిజామాబాద్ వైపు వెళ్లి జోగినీల కోసం ఏళ్లపాటు పనిచేశారు. 1988లో దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తెచ్చింది.

టూటూ కంటే ఇరవై ఏళ్ల ముందే మన డెల్టాలో ఈ పని జరిగింది. నేరం వేరు, మనిషి వేరు అని నమ్మి తలుపు కొట్టారు. ఇంత గొప్ప కథ ఉండగా మన సినిమాలు మాత్రం ఆ ఊరి పేరును ఇప్పటికీ దొంగల పేరుగానే తెరకెక్కిస్తున్నాయి. 1991లో, మళ్లీ 2023లో. ఆ ఊరి నుంచి ఉద్యోగానికి దరఖాస్తు రాసే కుర్రాడు చిరునామా దగ్గర ఎంతసేపు ఆగుతాడో ఆ సినిమాలు తీసేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

> నాటాల్‌లో మనవాళ్లు
>
> 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నాటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకు, భారతీయులకు మధ్య అల్లర్లు చెలరేగి 142 మంది చనిపోయారు. ఆ మంటల్లోనూ భారతీయ కుటుంబాలను దాచి కాపాడిన ఆఫ్రికన్ ఇరుగుపొరుగు ఉన్నారు.

పగ చుట్టూ తిరిగిన నగరం

విజయవాడ సంగతికి వద్దాం. 1970ల నుంచి కార్మిక సంఘాలు, కాలేజీ సంఘాలు రెండుగా చీలాయి. హత్యకు హత్య. 1974లో వంగవీటి రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988 మార్చిలో దేవినేని మురళి, అదే ఏడాది డిసెంబరు 26న నిరాహారదీక్షలో ఉండగానే ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా. ఆ తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మంటలు. దుకాణాలు తగలబడ్డాయి. ఏ పాపం తెలియని కుటుంబాలు కట్టుబట్టలతో వీధిన పడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు, ఎత్తేశారు. కానీ ఏం జరిగిందో, ఎవరేం పోగొట్టుకున్నారో ఇరువైపుల తల్లులూ ఒకచోట కూర్చుని చెప్పుకునే ఏర్పాటు ఈ నగరం చేయలేదు. అందుకే ఆ కథ నేటికీ కులం వాట్సాప్ గ్రూపుల్లో, రెండు వేర్వేరు కథలుగా నడుస్తోంది. అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఆ పగను మోస్తున్నారు.

ఇక చుండూరు. 1991 జులైలో తెనాలి దగ్గర ఈ ఊళ్లో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులం కుర్రాడికి తగిలింది. అక్కడ మొదలై సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను పొలాల్లో వెంటాడి చంపారు. కొన్ని శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. ఆరేళ్ల ముందు, 1985 జులై 17న, కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. అక్కడి కుటుంబాలు ఊరు వదిలి చీరాల చేరాయి.

చుండూరు దళితులు తమ వాళ్లను ఊరి నడిబొడ్డునే సమాధి చేసి ఆ చోటిని రక్తక్షేత్రం అన్నారు. కోర్టు తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎనిమిది మంది చనిపోయారన్నది నిజం, చంపినవారెవరో మాత్రం చట్టం దృష్టిలో తేలలేదు. ఆ తల్లులకు ఇప్పుడు సర్దుకుపొమ్మని, మనసు పెద్దది చేసుకొమ్మని చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు. అమీ బీల్ తల్లి క్షమించగలిగిందంటే, చంపినవాళ్లు ఆమె కళ్లెదుట నిలబడి మేమే చంపామని ఒప్పుకున్నారు కాబట్టి. మనదగ్గర ఆ మొదటి మెట్టే పడలేదు. సహపంక్తి భోజనానికి దళితుణ్ని పిలిచి, అతని తండ్రిని చంపిన సంగతి మాత్రం ఎత్తవద్దంటే అది మనిషితనం కాదు.

ఇప్పుడు చేయగలిగింది

కలిసి తినడం, కలిసి ఏడవడం, నిజం ఒప్పుకోవడం, పోయినదాన్ని వీలైనంత తిరిగి ఇవ్వడం. ఇవి విడదీయరానివని దక్షిణాఫ్రికా గెలుపు, ఓటమి రెండూ చెబుతున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు పడవల్లో వచ్చిన అన్నం పొట్లాన్ని ఎవరు వండారని ఎవరూ అడగలేదు. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ శవాల దిబ్బ అయినప్పుడూ, ఎవరి బిడ్డని ఎవరు పూడుస్తున్నారో చూడలేదు. ఆపదలో పైకి వచ్చే ఆ గుణం మామూలు రోజున కూడా పనిచేయాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి.

కలెక్టర్లకు, ఎస్పీలకు ఒక విన్నపం. శాంతి కమిటీని గొడవ లేని నెలలో పిలవండి. అందులో సగం మంది ఆడవాళ్లుండేలా చూడండి. మాలపల్లిలో ఒకసారి, ఊళ్లో ఒకసారి కూర్చోండి. కాలేజీలకు, స్వచ్ఛంద సంస్థలకు ఇంకొకటి. విజయవాడలో 1988 నాటి గొడవలు చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. రెండు వైపుల వాళ్ల జ్ఞాపకాలనూ ఒకే పుస్తకంలో రాయించండి. ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులుండరు.

ఇక మీకు. పెళ్లీడుకొచ్చిన మీ బిడ్డ ఒక రాత్రి వేరే కులం పేరు చెబితే, ఆ రాత్రి అన్న మాటలే జీవితాంతం మిగులుతాయి. కేకలు వేయకండి. చుట్టాలకు ఫోన్లు చేయకండి. బిడ్డను కూర్చోబెట్టి అన్నం పెట్టండి. వచ్చే ఆదివారం ఆ అబ్బాయినో, అమ్మాయినో, వాళ్ల అమ్మానాన్నలనో భోజనానికి పిలవండి.